పద్నాలుగు సెకన్లు తక్కువ

పిడుగు టీ ముట్టుకోలేదు.

తొమ్మిదీ ఇరవైకి లాకప్పులో అతని ముందు గ్లాసు పెట్టాను. తొమ్మిదిన్నరకల్లా దాని మీద తొరక కట్టింది. బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద దోపుకుని నేల వంక చూస్తున్నాడు. చొక్కా గుండీలు ఒక్కటీ పెట్టుకోలేదు. డ్రమ్ముల పిడుగని పేరున్న డెబ్బై రెండేళ్ల మనిషి, పోలీస్ స్టేషన్ గడప ఎన్నడూ తొక్కనివాడు, రాత్రంతా అక్కడే గడిపాడు. గుండీల మీద ధ్యాస ఏముంటుందిలే అనుకున్నాను. అంతకంటే ఆలోచించే ఓపిక నాకూ లేదు. పొద్దున్న ఏడింటికే అతని భార్య మా మెట్ల మీద కూర్చుని ఉంది. అప్పట్నుంచీ నా గొంతులో కాఫీ చుక్క పడలేదు.

"తమ్ముడూ, ఆయన చీమకు కూడా హాని చెయ్యడు" అంది ఆవిడ. ముప్పయ్యేళ్లుగా ప్రతి భార్యా నాతో ఈ మాటే అంటోంది. సగం మంది విషయంలో అది పచ్చి అబద్ధం. అయితే ఈవిడ ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. మొగుడు నిన్న ఎన్నింటికి బయల్దేరాడు, ఎన్నింటికి తిరిగొచ్చాడు, పోలీసులు ఎన్నింటికి తలుపు కొట్టారు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. సంగీత గ్రంథాలయంలో క్యాసెట్లూ రికార్డులూ అరువిచ్చే కౌంటర్లో ఇరవై రెండేళ్లు కూర్చున్నానని, ఏదైనా రాసిపెట్టుకోవడం అలవాటైపోయిందని చెప్పింది. పోలీసు ఉద్యోగం పోయాక ప్రైవేటు డిటెక్టివు పనిలో పడ్డ నాకు ఇలాంటి కక్షిదార్లంటే ప్రాణం లేచొస్తుంది. మిగతావాళ్ల దగ్గర టైము రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

కేసు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చచ్చిపోయినాయన్ని అందరూ మాస్టారు అంటారు. లెక్కల మాస్టారుగా రిటైరై, పందొమ్మిదేళ్లుగా జాజ్ వాయించినవాళ్ల చరిత్ర తవ్వుతున్నాడు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరి పక్కన ఎవరు వాయించారు, ఏ హాల్లో, ఏ రోజు, ఎన్ని నిమిషాలు. సోమవారం పుస్తకం అచ్చుకి వెళ్లాలి. నిన్న గురువారం సాయంత్రం ఆరూ నలభైకి వాళ్ల అక్క ఇంటికొచ్చేసరికి తన గదిలో కింద పడి ఉన్నాడు. ఇనప బీరువా మూల తలకి తగిలింది. ఐదుకీ ఆరుకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. కింద దుకాణం టైలరు, పిడుగు నాలుగూ నలభైకి మెట్లెక్కడం, ఐదూ ఐదుకి గేటు దభాలున వేసి వెళ్లిపోవడం చూశానన్నాడు, మధ్యలో పైనుంచి కేకలు విన్నానన్నాడు. ఇన్‌స్పెక్టరుకి అది చాలు. ఇవాళ నాలుగింటికి కోర్టులో హాజరుపెడతాడు. ఆ తర్వాత పిడుగుని జైలు తిండి ఎన్ని రోజులు బతకనిస్తుందో లెక్క కట్టడం నాకిష్టం లేదు.

"మాస్టారింటికి ఎందుకు వెళ్లారు?" అన్నాను.

"పనుంది."

"ఏం పని?"

"పుస్తకం పని."

"ఆ కేకలెవరివి?"

"నావే. మాస్టారికి కేకలెయ్యడం చేతకాదు."

"దేని గురించి?"

"అది నాకూ ఆయనకీ మధ్య విషయం."

"ఆయన పోయాడు. ఇప్పుడా మధ్యలో మీరొక్కరే మిగిలారు."

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఈ మనిషికి పిడుగన్న పేరు ఎవరు పెట్టారోగానీ, నాకు మాత్రం గోడతో మాట్లాడుతున్నట్టుంది.

"మీరు వచ్చేసేటప్పుడు ఆయన ఏం చేస్తున్నాడు?"

"నూలు చేతితొడుగులు వేసుకుంటున్నాడు. టేపు రీలు పెట్టుకుంటాడు కాబోలు. నా మీద కోపమొస్తే పొడుగాయన రీలు పెట్టుకుని కూర్చుంటాడు."

పొడుగాయనంటే శాక్సోఫోన్ వాయించిన మహానుభావుడు. నలభై ఒక్కేళ్ల కిందట ఆయన చివరి కచేరీని టేపు మీద పట్టి రికార్డుగా వేశారు. అట్ట మీద ఐదు పేర్లుంటాయి. డ్రమ్ముల ఎదురుగా ఉన్న పేరు ఈయనది. ఆ ఒక్క రికార్డు మీదే పిడుగు బతుకంతా నడిచింది. ఇప్పటికీ వీధిలో ఆపి దండం పెట్టేవాళ్లున్నారు.

"మా ఆవిడని ఇంటికి పంపించెయ్యండి బాబూ. ఎండలో నిలబడుంటుంది" అన్నాడు.

"ఆవిడే నన్ను పెట్టుకుంది."

"అయితే ఇద్దరూ వెళ్లిపోండి."

ఒళ్లు మండి లేచాను. తలుపు దాకా వెళ్లి, గొడుగు మర్చిపోయి వెనక్కి తిరిగాను. నేను వెళ్లిపోయాననుకున్నాడు. బెంచీ మీద గ్లాసు అలాగే ఉంచి, నడుం వంచి, మూతి గ్లాసుకి ఆనించి టీ పీలుస్తున్నాడు. చేతులు మాత్రం తొడల కిందే ఉన్నాయి.

వెళ్లి ఒక చెయ్యి బయటికి లాగాను. తడిసిన పిచ్చుకలా వణుకుతోంది. ఆపాలని చూశాడు, ఇంకా ఎక్కువైంది.

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"ఎవరెవరికి తెలుసు?"

"మా ఆవిడొక్కదానికే. గుండీలు తనే పెడుతుంది, అన్నం తనే కలిపి పెడుతుంది." నా కళ్లలోకి అప్పుడు చూశాడు. "ఎవరితోనూ అనకండి బాబూ. పిడుగుకి చేతులు పోయాయని తెలిస్తే, నేను బతికున్నా లేనట్టే."

చెప్పనని మాటివ్వలేదు. మిగిలిన టీ నేనే గ్లాసు పట్టుకుని తాగించాను.

మాస్టారిల్లు మూడో అంతస్తు. యాభై రెండు మెట్లు. ప్రతి మెట్టూ నా మోకాలితో విడిగా మాట్లాడింది. పదీ యాభైకి వాళ్ల అక్కగారు తలుపు తీసింది. డెబ్బై ఐదేళ్లుంటాయి. ఒక భుజం మరోదాని కంటే కిందికి జారి ఉంది. తమ్ముడు చేసిన ఇంటర్వ్యూలన్నీ టైపు చేసేది ఈవిడే.

"నిన్న ఎక్కడికెళ్లారమ్మా?"

"భుజానికి మర్దనా. ప్రతి గురువారం నాలుగున్నర నుంచి ఆరున్నర. ఎప్పుడూ తమ్ముడే తీసుకెళ్తాడు. నిన్న డ్రమ్ములాయన వస్తానన్నాడని ఉండిపోయాడు. ఒక్కదాన్నే రిక్షాలో వెళ్లాను."

"అంటే గురువారం ఆ టైముకి ఇంట్లో ఎవరూ ఉండరని తెలిసినవాళ్లకి..."

"అందరికీ తెలుసు. ఏడేళ్లుగా అంతే."

"వెనక మెట్లున్నాయా?"

"సందులోకి దిగుతాయి. పగలు గడియ పెట్టం."

టైలరుకి ఆ సందు కనపడదు. అది రాసుకున్నాను.

గదిలో మూడు గోడలకీ అరలే. ఒక వైపు అట్టముక్కల డబ్బాలు. ఒక్కో కచేరీకి ఒక్కో అట్టముక్క. తేదీ, హాలు, ఎవరెవరు వాయించారు, పియానో శ్రుతి తగ్గిందా లేదా, పొడుగాయనకి ఆ రోజు పళ్లనొప్పి ఉందా లేదా. జాజ్ గురించి నాకు తెలిసింది గోరంత. పాట ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, ఎక్కడికెళ్తుందో వాయించేవాడికే తెలియదు. అలాంటి వాళ్ల వెనకాల ఈయన వాచీ పట్టుకుని పందొమ్మిదేళ్లు తిరిగాడు. దిక్కులేని పనే. అయినా ఆ అట్టముక్కల మీది గుండ్రటి అక్షరాలు చూస్తే నాకెందుకో దిగులేసింది. నేను పోతే నా ఫైళ్లు ఎవరు చూస్తారు?

బల్ల మీద టేపు వాయించే పెద్ద యంత్రం, ఖాళీగా ఉంది. పక్కన నూలు తొడుగుల జత. ఆ పక్కన గీతల పుస్తకం. విన్న ప్రతిసారీ రీలు నంబరు, మొదలు, ముగింపు రాస్తాడు. చివరి వరస నిన్నటిది. పొడుగాయన చివరి కచేరీ, మూడో రీలు, మొదలు ఐదూ పన్నెండు. ముగింపు గడి ఖాళీ.

వెనక్కి తిప్పి పందొమ్మిదేళ్ల పేజీలు చూశాను. ఇంకెక్కడా ఖాళీ గడి లేదు.

"గురువుగారూ!" అని వినపడింది గుమ్మంలోంచి. "మూడంతస్తులు ఎక్కారా? మోకాళ్లు జాగ్రత్త."

ఇన్‌స్పెక్టరు. ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఒకప్పుడు నా కింద పనిచేశాడు. నేను ఉద్యోగానికి పనికిరానని రిపోర్టు రాసింది వీడే. ఆ తర్వాత కూడా గురువుగారూ అనడం మానలేదు. పుండు మీద కారం జల్లడం వీడికి వెన్నతో పెట్టిన విద్య.

"నువ్వు రాసిన రిపోర్టు కంటే నయంగానే ఉన్నాయిలే. ఇలా రా. పిడుగు ఐదూ ఐదుకి వెళ్లిపోయాడు. ఐదూ పన్నెండుకి మాస్టారు బతికుండి ఇది రాశాడు."

పుస్తకం వంక చూశాడు. వాడి మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. నిన్న దాన్ని తెరవలేదన్నమాట.

"గడియారం ముందుందేమో."

"నీ వాచీతో చూసుకో."

చూసుకున్నాడు. సరిపోయింది. "అయితే వెనక మెట్ల నుంచి మళ్లీ వచ్చాడు. కోపం చల్లారక తిరిగొచ్చి తోశాడు. దానికేముంది?"

"సరే, తోశాడు. యంత్రం మీద రీలేదీ?"

"అరలో ఉంది. మూడో నంబరు పెట్టె. చూశాం. తొడుగులతో పట్టుకుంటారట, ముద్రలేమీ లేవు."

"చచ్చిపోయినవాడు లేచి రీలు తీసి, పెట్టెలో పెట్టి, అరలో సర్ది, మళ్లీ వచ్చి పడుకున్నాడా?"

వాడు పళ్లు నూరాడు. నేను అరల వైపు తిరిగాను. నూటనలభై పైగా పెట్టెలు. నాలుగైదు తెరిచి చూశాను. ప్రతి రీలుకీ పైకి కనిపించే కొస ఎర్రగా ఉంది. మూడో పెట్టె తెరిచాను. దాని కొస పచ్చగా ఉంది.

"అక్కగారూ, ఇదొక్కటీ పచ్చగా ఎందుకుంది?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఎవరు తిప్పారు దీన్ని?"

అప్పుడు చెప్పింది. టేపు మొదటి కొసకి పచ్చ ముక్క, చివరి కొసకి ఎర్ర ముక్క అతికిస్తారు. మాస్టారు విన్నాక టేపుని వెనక్కి తిప్పడు. చివర పైకి వచ్చేట్టు అలాగే పెట్టెలో పెడతాడు. మళ్లీ వినాల్సినప్పుడే తిప్పుకుంటాడు. తిప్పేసి ఉంచితే నెలల తరబడి ఒక పొర శబ్దం పక్క పొరకి అంటుకుని, పాట ముందే దాని నీడ వినిపిస్తుందట. "నేను ఒకసారి పొరపాటున తిప్పి పెట్టానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణం పోయినా తిప్పి పెట్టడు."

"వినాలని తిప్పి ఉంటాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయితే యంత్రం మీద ఉండాలి, అరలో కాదు. పెట్టు, విందాం."

"ఏమిటీ? ఇప్పుడా? నాకు కోర్టు పనుంది గురువుగారూ."

"ముప్పై ఒక్క నిమిషాల నలభై సెకన్లు. పెట్టె మీద రాసుంది. కూర్చో."

అక్కగారు రీలెక్కించింది. పెట్టె మూతలో మాస్టారు అంటించిన కాగితం మీద ఏ నిమిషానికి ఏముందో ఉంది. నేను వాచీ విప్పి బల్ల మీద పెట్టాను. చప్పట్లు, ఎవరో దగ్గడం, తర్వాత ఆ శాక్సోఫోన్.  ఎవరో అలిసిపోయి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంది. ఇన్‌స్పెక్టరు వేళ్లతో బల్ల మీద టకటకలాడించాడు.

"అదీ పిడుగు చెయ్యి!" అన్నాడు డ్రమ్ములు మోగగానే. "మా నాన్న దగ్గరుందీ రికార్డు."

ఆరు నిమిషాలకి మొదటి పాట అయిపోయింది. చప్పట్లు మొదలయ్యాయి. మూత మీది కాగితంలో 'ఆరు నిమిషాల రెండు సెకన్ల నుంచి ఆరు నిమిషాల పదహారు దాకా: ప్రకటన, పేర్లు' అని ఉంది. చప్పట్లు సగంలో తెగి, రెండో పాట మొదలైపోయింది. ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

అక్కగారు నా వంక చూసింది. నేను పెదాలకి వేలు అడ్డం పెట్టి చివరిదాకా విన్నాను. ఎర్ర కొస వచ్చి రీలు గిరగిర తిరిగేసరికి నా వాచీలో ముప్పై ఒక్క నిమిషాల ఇరవై ఆరు సెకన్లు.

"పద్నాలుగు సెకన్లు తక్కువ" అన్నాను.

చేత్తో నెమ్మదిగా తిప్పుకుంటూ వెతికితే దొరికింది. టేపు మీద పాత అతుకులు రెండున్నాయి, ముదురు పసుపు రంగుకి తిరిగి జిగురోడుతున్నాయి. మూడోది తళతళా తెల్లగా ఉంది. ఏటవాలుగా కోసి, అంచుకి అంచు కలిపి, పట్టీ వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా అతికించారు.

"మీ తమ్ముడా?"

"వాడా! టేపు కొయ్యడమంటే మనిషిని కొయ్యడమే వాడి లెక్కలో. ఈ ఇంట్లో ఆ రకం పట్టీయే లేదు."

"చూశావా" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "బ్లేడూ పట్టీ సంచిలో వేసుకుని వచ్చారు. గురువారం ఎవరూ ఉండరనుకుని వచ్చారు. చంపడానికి కాదు, పద్నాలుగు సెకన్లు కొయ్యడానికి."

"పిడుగే వచ్చాడు! ఆ ప్రకటనలో వాడికి నచ్చనిదేదో ఉంది, పుస్తకంలో వెయ్యొద్దని అరిచాడు, వినకపోతే..."

"అక్కగారూ, ఒక ఖాళీ టేపు ముక్క, గడ్డం బ్లేడు, కాగితాలంటించే మామూలు పట్టీ ఇస్తారా?" తెచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. "కోసి అతికించు."

"చిన్నపిల్లల ఆటలా ఇవి?"

"అతికించవయ్యా."

అతికించాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఒక అంచు మీదికెక్కింది, పట్టీ వంకర పోయింది, బొటనవేలు తెగింది.

"నీవి రాయిలా కదలని చేతులు. అయినా ఇదీ వరస. పిడుగుకి రాత్రి టీ ఇచ్చారా?"

"ఇచ్చాం. ముట్టుకోలేదు. పొగరు."

"పొగరు కాదురా. గ్లాసు పట్టుకోలేడు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. చొక్కా గుండీ పెట్టుకోలేడు. వెళ్లి చూసుకో. ఆ చేతులు ఈ అతుకు వేశాయని జడ్జి ముందు నువ్వే చెప్పు."

చెప్పేశాను. చెప్పొద్దని ఆ ముసలాయన బతిమాలిన మాట చెవుల్లో ఉండగానే చెప్పేశాను. ఇన్‌స్పెక్టరు వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆ తెల్ల అతుకు వంకే చూశాడు. వాడు మూర్ఖుడు కాడు, తొందరపాటు మనిషి, అంతే.

"మరి ఎవరు?"

"నాలుగింటిదాకా ఆగు."

"మూడూ నలభై ఐదు. ఒక్క నిమిషం ఎక్కువైనా ఆగను" అని దిగిపోయాడు. ఈసారి గురువుగారూ అనలేదు.

నేను కుర్చీలో కూలబడ్డాను. "ఈ రీలు మాస్టారికి ఎక్కడిది?"

"సంగీత గ్రంథాలయం నుంచి. ఆ కచేరీని టేపు మీద పట్టినాయన పోయాక ఆయన పెట్టెలన్నీ అక్కడికిచ్చారు. ఇదొక్కటీ ఎక్కడా నమోదు కాలేదు. ఇన్నేళ్లూ కింది అరలో, పాత కాగితాల వెనక పడుంది. పోయినేడు గ్రంథాలయాన్ని కొత్త చోటికి మారుస్తుంటే బయటపడింది."

నాకొక అనుమానం వచ్చింది. రాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"డ్రమ్ములాయన ఇంటర్వ్యూ ఉందా?"

"మొన్న మంగళవారం వచ్చి మాట్లాడాడు. ఆ క్యాసెట్టు ఇంకా టైపు చెయ్యలేదు. నా మిషను సొరుగులో ఉంది."

రెండూ పదికి ఆ క్యాసెట్టు నేనొక్కణ్నే విన్నాను. రెండూ ఇరవై ఐదుకి చిన్న టేపురికార్డరు చంకన పెట్టుకుని మెట్లు దిగాను. దిగేటప్పుడు మోకాలు నొప్పి తెలియలేదు.

పిడుగు ఇల్లు చేరేసరికి మూడూ ఐదు. ఒకే గది, వంటిల్లు. గోడకి ఆ రికార్డు అట్ట అద్దం కట్టి ఉంది. ఆవిడ ఇస్త్రీ చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కింది నాలుగు గుండీలూ ముందే పెట్టేసింది.

"తల మీంచి తొడిగేస్తే పై రెండే మిగులుతాయి. కోర్టులో ఎవరూ చూడకుండా ఆ రెండూ నువ్వు పెట్టు తమ్ముడూ" అంది. "టీ పెట్టనా?"

"వద్దమ్మా. ఇది వినండి."

మీట నొక్కాను. పిడుగు గొంతు గది నిండా పరుచుకుంది. ఆవిడ ఒళ్లోని చొక్కా గట్టిగా పట్టుకుంది.

"...ఆ సాయంత్రం నేను తాగేసి, తెర వెనక పడున్నాను మాస్టారూ. నా చోట్లో కూర్చుంది పోస్టాఫీసు గుమస్తా ఒకాయన, ఎవరితోనో కలిసి పాట వినడానికి వచ్చినవాడు. వాయించడం వచ్చా అని పొడుగాయన అడిగితే కొద్దిగా వచ్చు అన్నాడట. ఆ కొద్దిగాకే నలభై ఒక్కేళ్లుగా జనం నాకు దండం పెడుతున్నారు. అట్టలు ముందే అచ్చయ్యాయి, నా పేరలాగే ఉండిపోయింది. స్టేజీ మీద పొడుగాయన ఆయన పేరు చెప్పాడు, రికార్డులో అది తీసేశారు. ఆ గుమస్తా పోయి కూడా పదేళ్లైంది. నా చేతులెలాగూ పోయాయి. ఆయన పేరు రాయండి. ఈ పుస్తకంలోనే రాయండి."

తర్వాత మాస్టారి గొంతు, మెల్లగా. "టేపు విని నేనూ అనుకున్నాను. కానీ అచ్చు దగ్గరికొచ్చేసింది. ఇంకొక సాక్ష్యం దొరికితే రెండో ముద్రణలో..."

"రెండో ముద్రణ దాకా నేనుండొద్దూ! ఒకటే మాట. మా ఆవిడకి తెలియదు. నేను చెప్పుకునేదాకా మీ నోటి నుంచి రాకూడదు."

"రాదు. మాట."

ఆ తర్వాత టేపు ఖాళీగా తిరిగింది.   ఆవిడ చెయ్యి చాచి మీట నొక్కి ఆపింది. మళ్లీ అదే చేత్తో, చూడకుండానే, పక్క మీట నొక్కింది. టేపు వెనక్కి పరిగెత్తడం మొదలుపెట్టింది. మొదటికొచ్చి టక్కున ఆగింది. క్యాసెట్టు తీసి, డబ్బాలో పెట్టి, మూత వేసి నాకు అందించింది.

నేను తీసుకోలేదు.

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత తన వేలి వంక చూసుకుంది. ఇరవై రెండేళ్లు కౌంటర్లో, తెగిన టేపులు అతికిస్తూ, తిప్పి ఇవ్వండి, తిప్పి ఇవ్వండి అని ఎంతమందికి చెప్పి ఉంటుందో.

"మాస్టారు నాతో ఎందుకనలేదు?" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "మీ ఆయనే రాయమన్నాడమ్మా అని ఒక్క మాట. అంతేగా. ఒక్క మాట అంటే ఇంటికొచ్చేసేదాన్ని."

"మాటిచ్చాడు కదమ్మా."

"ఆ పెట్టెలొచ్చినప్పుడే విన్నాను నేను. ఇరవయ్యేళ్లైంది. నాకు తెలుసని ఆయనకి తెలిస్తే తల దించుకుంటాడని కింది అరలో దాచాను. ఆయన నాకు తెలియదనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను." చొక్కా మీద లేని ముడత సవరించింది. "రీలు మాస్టారి చేతిలో పడిందని, సోమవారం పుస్తకం అచ్చుకెళ్తోందని తెలిసి, ఇంట్లో ఎవరూ ఉండరనే వెళ్లాను. ఐదుంబావు. మాస్టారు వింటూ కూర్చునున్నాడు. బతిమాలాను. నా గదిలో టేపు కొయ్యనివ్వనమ్మా అని రీలు గుండెకి హత్తుకున్నాడు. లాగాను. తోశానో, ఆయనే తూలాడో... రెండూ అయ్యుంటాయి."

"ఆయన కింద పడుంటే, మీరు కూర్చుని అతికించారా?"

"ఊపిరి చూశాను. లేదు." నా కళ్లలోకి చూసింది. "అప్పుడు అలాగే వచ్చేస్తే, ఆ మనిషి ఉత్తినే పోయినట్టు కాదా తమ్ముడూ?"

 ముప్పయ్యేళ్లలో చాలామంది హంతకుల్ని చూశాను. ఎదురుగా కూర్చుని ఏడవాలనిపించడం ఇదే మొదలు.

వాచీ చూశాను. మూడూ ఇరవై ఆరు. "ఆ ముక్క ఏం చేశారు?"

లేచి, గోడ మీది అద్దం పటం వెనక చెయ్యి పెట్టి ఒక కవరు తీసింది. లోపల పెన్సిలుకి చుట్టిన గోధుమరంగు టేపు. ఎనిమిదడుగుల పైమాట ఉంటుంది.

"పారేద్దామనే తెచ్చాను. చెయ్యి రాలేదు. ఎంత చిన్న ముక్కైనా సరే, దాచాలి మా దగ్గర" అంది. "ఆ గుమస్తా పేరు ఇంకెక్కడా లేదు. ఇందులోనే ఉంది."

కవరు మీద గ్రంథాలయం వాళ్ల మరమ్మతు చీటీ అంటించి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. రీలు నంబరు: మూడు. చోటు: ఆరు నిమిషాల రెండో సెకను. నిడివి: పద్నాలుగు సెకన్లు. ఆ కింద 'పాడుచేసినవారు' అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ముందు ఆ చొక్కా ఆయనకి చేరనీ" అంది. కవరు ఒళ్లో పెట్టుకుని, చీటీ వంక చూస్తూ నా వైపు చెయ్యి చాచింది. "కలం ఉందా తమ్ముడూ?"

జేబులోంచి తీసి ఇచ్చాను.